లింకు పోయింది, ఫైలు ఉంది

తన అనుమతి లేకుండా తన వీడియో ఇంటర్నెట్‌లో తిరుగుతోందని తెలుసుకున్న మనిషి ఏదైనా ఫైల్ షేరింగ్ సేవకు ఫిర్యాదు చేస్తే, అంతా సవ్యంగా జరిగినప్పుడు వచ్చే జవాబు సాధారణంగా ఒక్క వాక్యమే. మీరు తెలిపిన లింకును తొలగించాం అన్నది ఆ వాక్యం. అందులో అబద్ధం లేదు. కానీ అదే ఫైలు మరో లింకుతో, మరో ఖాతా పేరుతో, ఒక్కోసారి అదే సర్వరు మీద ఆ సాయంత్రానికే మళ్లీ కనిపిస్తే ఆ జవాబుకు విలువ ఏముంటుంది? హానికరమైన, చట్టవిరుద్ధమైన ఫైళ్ల విషయంలో ఈ సేవల బాధ్యతను మనం ఇన్నాళ్లూ తప్పు కొలతతో కొలుస్తున్నామని నా అభిప్రాయం. ఎన్ని గంటల్లో లింకు తీశారని అడుగుతున్నాం. తీసిన ఫైలు తిరిగి రాకుండా ఏం చేశారని అడగడం లేదు. అడగవలసింది ఆ రెండో ప్రశ్నే. దానికి జవాబు చెప్పగల సాంకేతికత చాలాకాలంగా ఉంది, అయితే అది డబ్బున్న ఫిర్యాదుదారుకు అందినట్టు దిక్కులేని ఫిర్యాదుదారుకు అందడం లేదు.

లింకుకూ ఫైలుకూ ఉన్న తేడా మామూలు వాడుకరికి కంటపడదు. ఒకే వీడియోను వెయ్యి మంది అప్‌లోడ్ చేస్తే వెయ్యి ప్రతులను దాచుకోవడం ఏ సంస్థకైనా దండగ ఖర్చు. అందుకని ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకొని ఒక గణిత సూత్రంతో చిన్న సంకేతాన్ని తయారుచేస్తారు. దాన్ని హ్యాష్ అంటారు. రెండు ఫైళ్ల హ్యాష్ ఒకటే అయితే ఆ రెండూ ఒకే ఫైలని తేల్చుకొని, ఒక ప్రతిని మాత్రం ఉంచుకొని, వెయ్యి మందికీ వెయ్యి లింకులు ఇస్తారు. ఈ ఏర్పాటు ఉన్న చోట ఒక లింకును తొలగించడమంటే ఆ ఫైలు దగ్గరకు వెళ్లే వెయ్యి దారుల్లో ఒకదాన్ని మూయడమే.

దీనికి చరిత్రలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ మెగాఅప్‌లోడ్. కిమ్ డాట్‌కామ్ స్థాపించిన ఆ సేవను అమెరికా ప్రభుత్వం 2012 జనవరి 19న మూయించింది. అప్పుడు దాఖలైన నేరారోపణ పత్రంలో చాలామంది పట్టించుకోని ఒక భాగం ఉంది. సినిమా, సంగీత సంస్థలు కాపీరైటు ఫిర్యాదు పంపినప్పుడు ఆ సేవ ఫిర్యాదులో ఉన్న లింకును మాత్రమే తీసేసి ఫైలును అలాగే ఉంచేదని, అదే పిల్లలపై లైంగిక దోపిడీకి సంబంధించిన ఫైలైతే హ్యాష్ ఆధారంగా గుర్తించి తొలగించగల సామర్థ్యం దానికి ఉండేదని ప్రాసిక్యూషన్ ఆరోపించింది. ఎక్కువ మంది డౌన్‌లోడ్ చేసుకునే ఫైళ్లు పెట్టినవారికి డబ్బు బహుమతులు ఇచ్చే పథకం కూడా ఉండేదని ఆ పత్రం చెబుతుంది. ఆ కేసులోని మిగతా వివాదాల సంగతి ఎలా ఉన్నా, ఒక ఫైలును శాశ్వతంగా తీసేయడం చేతనైన సంస్థ ఏ ఫైలుకు ఆ శక్తిని వాడాలో తన లాభాన్ని బట్టి తేల్చుకోగలదన్న విషయం అక్కడ బయటపడింది. ఆ రోజు మొత్తం సేవనే మూసేయడంతో తమ సొంత పనికి సంబంధించిన ఫైళ్లను అక్కడ దాచుకున్న సామాన్యులు వాటిని పోగొట్టుకున్నారు. వారిలో ఒహాయో రాష్ట్రంలో పాఠశాలల క్రీడాపోటీలను వీడియో తీసి బతికే వ్యక్తి ఒకరు తన ఫైళ్ల కోసం కోర్టుకు కూడా వెళ్లవలసి వచ్చింది. 2013లో నెదర్లాండ్స్‌లోని ఒక హోస్టింగ్ సంస్థ తన దగ్గరున్న మెగాఅప్‌లోడ్ సర్వర్లను చెరిపేసింది. మొత్తం సేవను మూయించడం పరిష్కారమని ఇప్పటికీ వాదించేవారు ఆ నష్టాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

చట్టాలు లింకు చుట్టూనే ఎందుకు తిరుగుతున్నాయన్నదానికి కారణం ఉంది. అమెరికా 1998లో చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైటు చట్టం, ఫిర్యాదుదారు ఆ సరుకు ఎక్కడుందో చూపించాలని, చూపించిన దాన్ని వెంటనే తీసేస్తే సంస్థకు రక్షణ ఉంటుందని చెప్పింది. మన దేశంలో 2004లో బాజీ డాట్ కామ్ అనే అమ్మకాల సైటులో ఎవరో ఒక వ్యక్తి మైనర్ల వీడియోను అమ్మకానికి పెట్టినందుకు ఆ సంస్థ అధిపతి అవనీశ్ బజాజ్ అరెస్టయ్యారు. తాను పెట్టని, చూడని సరుకుకు సైటు నడిపే మనిషిని జైలులో పెట్టడం న్యాయమా అన్న చర్చ అప్పుడే మొదలైంది. 2000 నాటి ఐటీ చట్టంలోని 79వ సెక్షనును 2008లో సవరించి, మధ్యవర్తి సంస్థలకు విస్తృతమైన రక్షణ ఇవ్వడం వెనుక ఆ కేసు నీడ ఉంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో అందినప్పుడే సంస్థకు విషయం తెలిసినట్టు భావించాలని వ్యాఖ్యానించింది.

ఆ తీర్పు సరైనదేనని నేను నమ్ముతాను. ఒక రాజకీయ వ్యాసం చట్టవిరుద్ధమా కాదా అన్నది ఒక ప్రైవేటు సంస్థ ఉద్యోగి తేల్చకూడదు. తేల్చమంటే భయంతో అన్నిటినీ తీసేస్తాడు. అయితే ఆ వాదం భావప్రకటనకు సంబంధించినది. ఒక స్త్రీ తన శరీరం ఉన్న వీడియోను చూపించి ఇది నేను, దీన్ని పెట్టమని నేను ఎవరికీ చెప్పలేదు అన్నప్పుడు అక్కడ తూచవలసిన అభిప్రాయభేదం ఏదీ లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు ఈ తేడాను గుర్తించాయి: నగ్నత్వం, లైంగిక చర్య, మార్ఫింగ్ చేసిన బొమ్మలకు సంబంధించి బాధితురాలో ఆమె తరఫున మరొకరో ఫిర్యాదు చేస్తే చాలని, 24 గంటల్లో చర్య తీసుకోవాలని అప్పట్లో అన్నాయి. అది మంచి మార్పు. కానీ గడువు మొదలయ్యేది మళ్లీ ఒక్కో ఫిర్యాదు నుంచి, అంటే ఒక్కో లింకు నుంచే.

న్యాయ సహాయం కోసం వచ్చేవారికి ఇలాంటి ఫిర్యాదులు రాసిపెట్టే పనిలో నేను కొంతకాలంగా ఉన్నాను కాబట్టి, కాగితం మీద చిన్నగా కనిపించే ఈ లోపం మనిషి మీద ఎంత బరువుగా పడుతుందో చూశాను. లింకులన్నీ మీరే ఇవ్వండి అని సంస్థ అడుగుతుంది. లింకులు ఇవ్వాలంటే వెతకాలి. వెతకాలంటే తాను జీవితంలో మళ్లీ చూడకూడదనుకున్న దానినే, అసహ్యమైన శీర్షికల కింద, అపరిచితుల వ్యాఖ్యల మధ్య, రోజూ చూడాలి. ఒక యువతి ఇక తనవల్ల కాదని చేతులెత్తేస్తే ఆమె తమ్ముడు ఆ పని నెత్తిన వేసుకున్నాడు. అక్క వీడియో కోసం తమ్ముడు వెతకవలసి రావడం కన్నా క్రూరమైన ఫిర్యాదు విధానం ఉంటుందని నేను అనుకోను. కొన్ని సేవలకు ఫిర్యాదు పత్రమే ఉండదు, ఒక ఈమెయిలు చిరునామా ఉంటుంది. అటునుంచి వచ్చే జవాబు యంత్రం రాసినదో మనిషి రాసినదో తెలియదు. బాధితురాలు తన గుర్తింపు కార్డు పంపాలని అడిగేవారు, అప్‌లోడ్ చేసినవాడి దగ్గర ఒక ఈమెయిలు తప్ప ఏమీ అడగరు.

ఈ పోరాటంలో హైదరాబాదుకు ఒక ప్రత్యేకమైన స్థానం ఉంది. అక్రమ రవాణా బాధితుల కోసం పనిచేసే ప్రజ్వల సంస్థను నడిపే సునీతా కృష్ణన్ 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ రాశారు. సామూహిక అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయని, వాటిని ఆపే ఏర్పాటు దేశంలో లేదని ఆ లేఖ సారాంశం. కోర్టు దాన్నే కేసుగా స్వీకరించింది. పెద్ద ఇంటర్నెట్ సంస్థలను పిలిపించింది, నిపుణుల కమిటీని వేయించింది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయగల జాతీయ సైబర్ నేరాల పోర్టల్ 2018 సెప్టెంబరులో ప్రారంభమైనప్పుడు అది మొదట స్వీకరించినవి పిల్లల లైంగిక దోపిడీ, అత్యాచార వీడియోలకు సంబంధించిన ఫిర్యాదులే. 2019 ఆగస్టు తర్వాతనే అన్ని రకాల సైబర్ నేరాలకూ దాన్ని విస్తరించారు. ఈరోజు బ్యాంకు మోసాలకు మనమంతా వాడుతున్న ఆ పోర్టల్ పుట్టుకలో మన ఊరి నుంచి వెళ్లిన ఒక ఉత్తరానికి భాగం ఉందని ఎంతమందికి తెలుసో గాని, తెలియవలసిన విషయమే.

ఫైలును గుర్తుపట్టే సాంకేతికత అప్పటికే కొత్తది కాదు. మైక్రోసాఫ్ట్ సంస్థ, డార్ట్‌మత్ కళాశాల ఆచార్యుడు హనీ ఫరీద్ కలిసి 2009లో ఫోటోడీఎన్‌ఏను రూపొందించారు. మామూలు హ్యాష్‌కు ఒక బలహీనత ఉంది: బొమ్మలో ఒక చుక్క మారినా, పరిమాణం కాస్త తగ్గించినా సంకేతం పూర్తిగా మారిపోతుంది, కాబట్టి దాన్ని ఏమార్చడం సులువు. ఫోటోడీఎన్‌ఏ బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి, గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వెలుగునీడలు ఎలా మారుతున్నాయో లెక్కగడుతుంది; అందువల్ల బొమ్మను చిన్నది చేసినా, రంగులు మార్చినా పోలిక దొరుకుతుంది. ఫేస్‌బుక్ 2019లో ఫోటోలకు, వీడియోలకు పనికొచ్చే ఇలాంటి సాధనాలనే ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటపెట్టింది. ఈ సంకేతం నుంచి అసలు బొమ్మను చూడగలిగేలా తిరిగి తయారుచేయడం దాని ఉద్దేశం కాదు, అది గుర్తుపట్టడానికే. అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రానికి 2023లో 3.6 కోట్లకు పైగా నివేదికలు అందాయంటే, వాటి వెనుక ఎక్కువగా ఉన్నది ఇలాంటి యంత్ర గుర్తింపే. 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన దేశానికి సంబంధించిన నివేదికలు జాతీయ నేర గణాంకాల సంస్థ ద్వారా రాష్ట్రాల పోలీసులకు వస్తున్నాయి.

ఇక అసమానత సంగతి. సినిమా పైరసీ విషయంలో న్యాయస్థానాలు ఈ సమస్యను ఎప్పుడో అర్థం చేసుకున్నాయి. ఎవరో తెలియని నేరస్థుల మీద ముందుగానే ఇచ్చే అశోక్ కుమార్ ఉత్తర్వులు మన సినిమా నిర్మాతలకు కొత్త కాదు. ఒక సైటును మూయిస్తే అదే సరుకుతో ఇంకో చిరునామాలో ప్రత్యక్షమవుతోందని, ప్రతిసారీ కొత్త దావా వేయమనడం అన్యాయమని గ్రహించి ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో డైనమిక్ ఇంజంక్షన్ అనే ఏర్పాటు చేసింది. 2023లో అదే కోర్టు దాన్ని ఇంకా విస్తరించి, అప్పటికి తయారుకాని సినిమాలకు కూడా రక్షణ కల్పించింది. యూట్యూబ్ 2007లోనే కాపీరైటు యజమానుల కోసం, వారి సరుకును ఎవరు అప్‌లోడ్ చేసినా గుర్తుపట్టే కంటెంట్ ఐడీని తెచ్చింది. 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఐబొమ్మ నిర్వాహకుణ్ని అరెస్టు చేసినప్పుడు సినీ ప్రముఖులు పోలీసు కమిషనర్‌తో కలిసి మీడియా ముందుకు వచ్చారు. సినిమా కోసం పడే శ్రమను నేను తక్కువ చేయడం లేదు. వందలాది కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. కానీ తిరిగివచ్చే ఫైలు వెంట ఫిర్యాదుదారు పరుగెత్తనక్కర లేదన్న సూత్రం ఒక సినిమాకు వర్తించినప్పుడు ఒక మనిషి శరీరానికి ఎందుకు వర్తించదు?

ఢిల్లీ హైకోర్టు 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన మరో తీర్పులో న్యాయమూర్తి సుబ్రమణ్యం ప్రసాద్ సరిగ్గా ఈ మాటే అన్నారు. తన వ్యక్తిగత చిత్రాలు బయటపడిన స్త్రీ ఒకసారి తొలగింపు పొందిన తర్వాత అవే చిత్రాల కోసం మళ్లీ మళ్లీ లింకులు పట్టుకొని తిరగవలసిన దుస్థితి ఉండకూడదని, హ్యాష్ పోలిక సాంకేతికత అందుబాటులో ఉన్నప్పుడు సంస్థలు తమవల్ల కాదనడం కుదరదని ఆ తీర్పు సారం. అయితే ఆ కేసులో ప్రధానంగా ఉన్నవి సెర్చ్ ఇంజన్లు. ఫైలును భద్రపరిచే సేవల దగ్గరకు అది ఇంకా చేరలేదు. 2021 నిబంధనల్లో ముందుచూపుతో సాంకేతిక సాధనాలు వాడాలన్న ఆదేశం 50 లక్షలకు మించి వాడుకరులున్న సోషల్ మీడియా సంస్థలకే పరిమితం. ఫైళ్ల నిల్వ సేవ అసలు సోషల్ మీడియా అన్న నిర్వచనంలోకే సులువుగా రాదు. గోడలో తలుపుకు తాళం పడింది, పక్కనే కిటికీ బార్లా తెరిచి ఉంది.

నా వాదనకు ఉన్న బలమైన అభ్యంతరాన్ని దాటవేయలేను. సంస్థలు మన ఫైళ్లను పరిశీలించడం మొదలుపెడితే నిర్దోషులు బలవుతారు. ఇది ఊహ కాదు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక తండ్రి తన పసికొడుకు అనారోగ్యం గురించి వైద్యులకు చూపించడానికి తీసిన ఫోటోలను గూగుల్ వ్యవస్థ నేరంగా గుర్తించింది. పోలీసులు విచారించి తప్పేమీ లేదని తేల్చినా ఆయన ఖాతా తిరిగి రాలేదని న్యూయార్క్ టైమ్స్ 2022లో రాసింది. గుజరాత్‌లో ఒక ఇంజనీరు తన చిన్నతనంలో నాయనమ్మ స్నానం చేయిస్తున్న ఫోటోను గూగుల్ డ్రైవ్‌లో దాచుకున్నందుకు ఖాతా మూతపడి, 2024 మార్చిలో హైకోర్టు గూగుల్‌కు నోటీసు ఇచ్చేదాకా వెళ్లవలసి వచ్చింది. పిల్లలకు నూనె రాసి నలుగు పెట్టి స్నానం చేయించే ఫోటో లేని ఇల్లు మన దగ్గర ఎన్ని ఉంటాయి? 2022 జనవరిలో గూగుల్ డ్రైవ్ ‘1’ అన్న అంకె తప్ప ఇంకేమీ లేని ఫైలును కాపీరైటు ఉల్లంఘనగా ముద్రవేసిన ఉదంతం కూడా ఉంది.

ఈ ఉదంతాలను జాగ్రత్తగా చదివితే ఒక విషయం తేలుతుంది. ఆ తండ్రి తీసినది అప్పుడే పుట్టిన ఫోటో. ఆ ఇంజనీరుది ఇంట్లో ఆల్బమ్‌లో ఉన్న ఫోటో. అవి ఏ నేర జాబితాలోనూ ఉండే అవకాశం లేదు. అంటే అక్కడ పనిచేసింది తెలిసిన ఫైలుతో పోల్చడం కాదు, కొత్త బొమ్మను చూసి ఇది ఫలానా అయి ఉండవచ్చని యంత్రం చేసే ఊహ. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లనే చర్చ దారితప్పుతోంది. మనుషులు చూసి నిర్ధారించిన ఫైలు మళ్లీ రాకుండా చూడటం ఒక పని, అందరి ఆల్బమ్‌లను అనుమానంతో తడమడం మరో పని. మొదటిదాన్ని తప్పనిసరి చేయాలని, రెండోదాన్ని మనిషి సమీక్ష, అప్పీలు, గడువులోగా ఖాతా పునరుద్ధరణ అన్న హామీలు లేకుండా అనుమతించరాదని నేను కోరుతున్నాను.

గీత ఎక్కడ గీయాలన్నదానికి ఒక పాత నమూనా ఉంది. 2014 మార్చిలో డ్రాప్‌బాక్స్ వాడుకరి ఒకరు తన ఫోల్డరులోని ఫైలుకు లింకు ఇవ్వబోతే కాపీరైటు ఫిర్యాదు కారణంగా కుదరదన్న సందేశం వచ్చింది. సంస్థ తన ఫైళ్లను చదువుతోందని చాలామంది కోపగించుకున్నారు. నిజానికి అక్కడ జరిగింది హ్యాష్ పోలిక మాత్రమే. ఫైలు అతని ఖాతాలో అలాగే ఉంది, ఇతరులకు పంచడానికి మాత్రం వీలు లేకపోయింది. అనుమతి లేని వ్యక్తిగత వీడియోల విషయంలో నాకు ఇదే సరైన చోటుగా తోస్తుంది: దాచుకోవడం నుంచి పంచుకోవడంలోకి ఫైలు అడుగుపెట్టే క్షణంలో, లింకు పుట్టే చోట, తెలిసిన జాబితాతో పోల్చాలి. పిల్లల విషయం వేరు. అక్కడ దాచుకోవడమే నేరమని 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, సంస్థలు పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయకపోతే 79వ సెక్షను రక్షణ కోరలేవని కూడా చెప్పింది.

ఫైలును సంస్థ కూడా చదవలేనట్టు గూఢలిపిలోకి మార్చి ఉంచే సేవల దగ్గర ఈ ఏర్పాటు పనిచేయదని అంటారు. కొంతవరకు నిజమే. ఆపిల్ 2021లో ఫోనులోనే ఫోటోలను పోల్చే పథకాన్ని ప్రకటించి, నిపుణుల నిరసనల తర్వాత 2022 డిసెంబరులో విరమించుకుంది. ఆ నిరసనలో న్యాయం ఉంది, ఎందుకంటే ఈ రోజు ఒక జాబితా కోసం ఫోనులోకి వచ్చిన యంత్రం రేపు ప్రభుత్వం ఇచ్చే ఇంకో జాబితా కోసం కూడా పనిచేయగలదు. అయితే బహిరంగంగా పంచిన లింకు సంగతి అది కాదు. న్యూజిలాండ్‌లోని మెగా వంటి సేవలో ఫైలును తెరిచే తాళంచెవి లింకులోనే భాగంగా ఉండగలదు. ఆ లింకు ఎక్కడో బహిరంగ గ్రూపులో పెట్టిన తర్వాత, ఫిర్యాదుతో పాటు తాళంచెవి కూడా సంస్థ చేతికి వస్తుంది. అప్పుడు మాకు కనిపించదు అన్న మాట చెల్లదు.

చిన్న సేవలకు ఇంత భారం మోయడం కష్టమన్న వాదన ఇంకొకటి. పిల్లల లైంగిక దోపిడీ చిత్రాలను వెతికి తొలగింపు నోటీసులు పంపే ప్రాజెక్ట్ అరాక్నిడ్ అనే సాధనాన్ని నడిపే కెనడా సంస్థ 2021లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ఆ సాధనం గుర్తించిన సరుకులో దాదాపు సగం ఫ్రాన్స్‌లోని ఒక పెద్ద టెలికాం సంస్థ నడిపే ఉచిత ఫైల్ సేవకు ముడిపడి ఉంది. అంటే శక్తి లేక కాదు, ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల జరిగినది. బ్రిటన్‌లో 2023 ఆన్‌లైన్ భద్రతా చట్టం కింద విధులు 2025 మార్చిలో అమలులోకి వచ్చాక అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఫైల్ షేరింగ్ సేవల మీద విచారణలు మొదలుపెట్టింది. కొన్ని సేవలు బ్రిటన్ వాడుకరులకు తలుపులు మూసేశాయి. వన్‌ఫిషియే, గోఫైల్ వంటివి హ్యాష్ పోలికను పెట్టుకున్నాయి. నెలల్లో పెట్టుకోగలిగినదాన్ని అన్ని సంవత్సరాలు ఎందుకు పెట్టుకోలేదో వేరే చెప్పనక్కరలేదు.

మరచిపోయేవారు ఇంకొందరు ఉన్నారు. ఫిర్యాదు వచ్చిన ఫైలును ఎవరో ఒకరు కూర్చొని చూడాలి. ఫేస్‌బుక్ కోసం హైదరాబాదులోని ఒక ఔట్‌సోర్సింగ్ కేంద్రంలో ఆ పని చేసే యువతీ యువకుల తక్కువ జీతాల గురించి, ఒత్తిడి గురించి రాయిటర్స్ 2019లో రాసింది. అమెరికాలోని మోడరేటర్లకు కలిగిన మానసిక హానికి ఫేస్‌బుక్ 2020లో 5.2 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఆ ఒప్పందం మన వాళ్ల దాకా రాలేదు. ఒకసారి మనిషి చూసి నిర్ధారించిన ఫైలును యంత్రం గుర్తుంచుకుంటే, అదే వీడియోను మరో మోడరేటర్ మళ్లీ చూడవలసిన అవసరం ఉండదు.

బ్రిటన్‌లోని రివెంజ్ పోర్న్ హెల్ప్‌లైన్ 2021 డిసెంబరులో ప్రారంభించిన స్టాప్‌ఎన్‌సీఐఐ ఈ దారిలో ఉన్న ఏర్పాటే. బాధితురాలి ఫోనులోనే హ్యాష్ తయారవుతుంది, బొమ్మ ఎక్కడికీ వెళ్లదు, సంకేతం మాత్రం సభ్య సంస్థలకు చేరుతుంది. మైనర్ల కోసం అమెరికాలోని ఆ తప్పిపోయిన పిల్లల జాతీయ కేంద్రం 2023లో టేక్ ఇట్ డౌన్ అనే ఇలాంటి సేవనే తెచ్చింది. చేరిన సంస్థలకే ఇవి వర్తిస్తాయి, చేరడం సంస్థల ఇష్టం. మన జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చేసిన స్త్రీకి అదే చోట, తెలుగులో, తన ఫోనులోనే ఈ సంకేతాన్ని తయారుచేసుకొనే వీలు కల్పించి, భారతదేశంలో లింకులు అందించే ప్రతి ఫైల్ సేవా దాన్ని స్వీకరించాలని 79వ సెక్షను రక్షణకు షరతుగా పెట్టవచ్చు. ఆ జాబితాలోకి రాజకీయ వీడియోలు చొరబడకుండా దాన్ని ప్రభుత్వ శాఖకు కాక స్వతంత్ర సంస్థకు అప్పగించాలి, ఎవరి ఫైలైనా పొరపాటున ఆగిపోతే అడిగే హక్కు వారికి ఉండాలి. సంస్థలు విడుదల చేసే పారదర్శక నివేదికల్లో ఇప్పుడు ఎన్ని లింకులు తీశామన్న అంకె ఉంటోంది. దాని పక్కన మరో అంకె కూడా తప్పనిసరి చేయాలి: తీసేసిన ఫైళ్లలో ఎన్ని తిరిగి తమ సర్వర్ల మీదికి వచ్చాయి, ఎన్నిసార్లు వచ్చాయి, వాటిని కనిపెట్టింది సంస్థా, లేక మళ్లీ ఆ బాధితురాలేనా.